జాగ్రత్తత్తయ్య గడప పరీక్ష

జనం చూడ్డానికి వచ్చే ఊళ్లన్నిటికీ ఒక లక్షణం ఉంది. అక్కడ సగంమంది తలలు పైకెత్తి నడుస్తారు. మిగతా సగంమంది, తలలు పైకెత్తినవాళ్ల జేబుల వంక చూస్తూ నడుస్తారు. ఎత్తైన మేడో, చెక్కిన రాతిబొమ్మో, పెద్ద గడియారమో కనిపిస్తే ఎంత గట్టి మనిషికైనా నోరు కాస్త తెరుచుకుంటుంది. నోరు తెరుచుకున్న చోట జేబూ తెరుచుకుంటుంది. చోరవిద్యను అరవై నాలుగు కళల్లో చేర్చి చెప్పే పెద్దలున్నారు, వాళ్లు వట్టినే చెప్పి ఉండరు. వీణకు వేలు ఎంత ముఖ్యమో ఈ విద్యకూ అంతే. ఎటొచ్చీ వీణ వాయించేవాడి చుట్టూ జనం చేరితే చప్పట్లు కొడతారు, ఇక్కడ చేరితే వీపు మీద కొడతారు.

ఈ కళ వేళ్ల చివర పెట్టుకుని, దానితో ఒక్క పూట కూడా బతకని మనిషి ఒకావిడ ఉండేది. పెద్ద గడియారపు మేడ ఉన్న చౌరస్తాకు వెనక సందులో, మెట్లు కిర్రుమనే రెండంతస్తుల ఇంట్లో నాలుగు గదులు యాత్రికులకు అద్దెకిచ్చేది. సందులో చిన్నా పెద్దా అందరికీ ఆమె అత్తయ్యే. మాటకు ముందొక జాగ్రత్త, వెనకొక జాగ్రత్త తగిలించనిదే ఆమెకు వాక్యం పూర్తయ్యేది కాదు కాబట్టి, చివరికి జాగ్రత్తత్తయ్య అయి కూర్చుంది. "కూరలో ఉప్పు వేశావా?" అని మొగుడు అడిగితే, "వేశాను, జాగ్రత్త" అనేది. ఉప్పుతో జాగ్రత్త ఏమిటో ఆయనకు ఇన్నేళ్లలో తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

పొట్టి మనిషి. మెడలో దారంతో వేలాడే కళ్లజోడు. ఎండాకాలం వానాకాలం అని లేకుండా ఒంటి మీద బూడిదరంగు స్వెట్టరు. దానికి రెండు లోతైన జేబులు. ఆ జేబుల్లో తాళాల గుత్తి, కొలతల టేపు, గుండుసూదులు, దారపుండలు. ఆమె తల్లి బట్టలు కుట్టి ఇల్లు గడిపిన మనిషి. చిన్నప్పుడు తల్లి ఎదురుగా నిలబెట్టిన ఖాతాదార్ల ఒంటిమీద గుడ్డకు గుండుసూదులు గుచ్చడం ఈమె పని. సూది గుడ్డకు తగలాలి, ఒంటికి తగలకూడదు. తగిలితే అవతల "అబ్బా!", ఇవతల తల్లి మొట్టికాయ. అలా రోజూ మొట్టికాయల భయంతో తేలికపడిన చెయ్యి అది. సీతాకోకచిలుక వాలినా తెలుస్తుందేమో కానీ ఆ చెయ్యి వాలితే తెలిసేది కాదు.

ఆ చెయ్యి అలవాటు చేసుకున్న పనే గడప పరీక్ష.

పొద్దున్నే ఊరు చూడ్డానికి బయలుదేరే ప్రతి అతిథికీ మెట్ల కింద, వీధి గడప దగ్గర ఆమె ఎదురయ్యేది. "కాలరు మడత పడింది నాయనా" అనో, "ఈ గుండీ ఊడేట్టుంది తల్లీ" అనో ఏదో సర్దుతూ మాటల్లో పెట్టేది. అతిథి గడప దాటి వీధిలో అడుగు పెట్టాక వెనక నుంచి పిలుపు వచ్చేది.

"బాబూ, ఇదెవరిది?"

తిరిగి చూస్తే ఆమె చేతిలో తన పర్సే ఉండేది. మనిషి ఎర్రబడిపోయి వెనక్కి వచ్చేవాడు. అప్పుడు పాఠం మొదలు. పర్సు వెనక జేబులో పెట్టుకోవద్దు, పెట్టుకుంటే అది నీది కాదు, నీ వెనక వచ్చేవాడిది. సంచీ వీపుకు కాదు, ఛాతీకి. సంతకం పెట్టమని ఎవరైనా అట్ట నీ ముందు చాపితే, ఆ అట్ట కింద రెండో చెయ్యి ఏం చేస్తోందో చూడు. అవసరమైతే అప్పటికప్పుడు మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి నడుము లోపలివైపు దొంగజేబు కుట్టి మరీ పంపేది. పరీక్షలో నెగ్గినవాళ్లను మాత్రం ఏమీ అనేది కాదు. ఆమె నోరు మూసుకోవడమే పట్టా.

ఒకసారి కొత్త దంపతులు దిగారు. ఆమె అతని పర్సు ఆ పిల్ల సంచీలోకి, ఆ పిల్ల పర్సు అతని జేబులోకి మార్చేసింది. సాయంత్రం లబోదిబోమంటూ వస్తే, "అలాగే ఉండనివ్వండి, సంసారం బాగుంటుంది" అని నవ్వింది.

ఇంతకీ ఇన్ని మోసాలు ఆమెకెలా తెలుసు? పాఠం చెప్పేటప్పుడు ప్రతి దానికీ "ఒకాయన ఉండేవాడు" అని మొదలుపెట్టేది. ఒకాయన నడుస్తుంటే ఎదురుగా వచ్చినవాడు నేలమీద నుంచి పసిడిలా మెరిసే ఉంగరం తీసి "ఇది మీదేనా?" అన్నాడట. కాదంటే, "అయితే మీరే ఉంచుకోండి, నాకు టీ ఖర్చు ఇవ్వండి చాలు" అన్నాడట. ఒకాయన ఇచ్చాడు. వారం తిరక్కుండా వేలు పచ్చబడింది, ఉంగరం నల్లబడింది. ఒకాయన చేతికి ఎవడో స్నేహంగా రంగుదారం కట్టి, ముడి పడ్డాక వెల చెప్పాడు. ఒకాయన మూడు గిన్నెల కింద బఠాణీ ఆటలో, పక్కన గెలుస్తున్నవాళ్లందరూ ఆటగాడి బావమరుదులేనని తెలియక చేతి గడియారం పోగొట్టుకున్నాడు.

ఆ ఒకాయన మెట్ల పక్కన కుర్చీలో కూర్చుని, తలుపు గొళ్లేనికి నూనె వేస్తూ, తన చరిత్ర తానే శ్రద్ధగా వింటుండేవాడు. ఆయనే మావయ్య. ఆమె విద్యంతా ఆయన పెట్టిన భిక్ష.

అన్నిటికీ తలమానికం రైలుస్టేషన్ సంగతి. అప్పుడే అక్కగారి ఊరి నుంచి దిగిన మావయ్య టాక్సీ ఎక్కి, ఫలానా సందులో నాలుగు గదుల లాడ్జి అని చెప్పాడు. టాక్సీవాడు పెద్దగా నిట్టూర్చి, "అది నిన్ననే కాలిపోయిందండీ, పాపం! మంచి హోటలు ఇంకొకటుంది, తీసుకెళ్తాను" అన్నాడు. కొత్తవాళ్లను కమీషను హోటళ్లకు మళ్లించే పాత ఎత్తు అది. మావయ్య అది తన ఇల్లేనని చెప్పలేదు. నమ్మాడు! టాక్సీ ఆపించి, సామానంతా అందులోనే వదిలేసి, ఏడుస్తూ ఇంటిదాకా పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో నిక్షేపంగా నిలబడ్డ భార్యను చూసి, "బతికే ఉన్నావా!" అని కావలించుకున్నాడు. సామాను ఇక రాలేదు. ఆ రోజు మాత్రం ఆమె తిట్టలేదు. సామాను పోతే పోయింది, తనకోసం అంత దూరం పరుగెత్తే మనిషి ఎంతమందికుంటాడు? మర్నాటి నుంచి ఆ కథ కూడా పాఠంలో చేరిందనుకోండి, అది వేరే సంగతి.

అలాంటి మావయ్యకు చౌరస్తాలో ఒక ప్రాణస్నేహితుడు ఉండేవాడు. గొడుగులాయన. పొడుగ్గా, సన్నగా, మూసిన గొడుగులాగే ఉండేవాడు. గడియారపు మేడ నీడలో చిన్న బండి పెట్టుకుని, ఎండకూ చినుక్కూ యాత్రికులకు రంగురంగుల గొడుగులు అద్దెకిచ్చేవాడు, విరిగిన ఊచలు బాగుచేసేవాడు. మాట తక్కువ. ముసలివాళ్లో చంటిపిల్లల తల్లులో ఎండలో నిలబడితే అడక్కుండా వెళ్లి నెత్తిన గొడుగు పట్టేవాడు. ఆ అడక్కుండా పట్టడమే అత్తయ్యకు గిట్టేది కాదు. "ఊరికే మంచి చేసేవాడిని ఊరికే వదలకూడదు" అనేది. ఒకసారి ఆమె సందు మొదట్లో నిలబడి ఉండగా ఆమెకూ పట్టాడు, "ఎండగా ఉంది వదినగారూ" అని.

"ఎవరు పట్టమన్నారు? ఎవరికి వదిన?" అంది ఆమె. అతను గొడుగు మూసుకుని వెళ్లిపోయాడు.

"వాడు వెన్నలాంటి మనిషే" అన్నాడు మావయ్య.

"నీకు ఉంగరంవాడు కూడా వెన్నే. నీ దృష్టిలో ఈ ఊళ్లో దొంగలెవరూ లేరు, నేనొక్కదాన్నే ఉన్నాను" అంది ఆమె. చివరి మాట ఇంత నిజమవుతుందని ఆమెకప్పుడు తెలియదు.

ఆ ఏడు జనం విరగబడి వచ్చారు. వాళ్ల వెనకే వాళ్ల జేబులకోసం వచ్చేవాళ్లూ వచ్చారు. పోలీసులు చౌరస్తా మూలనున్న చౌకీ ముందు జేబుదొంగలు జాగ్రత్త అని పెద్ద బోర్డు పెట్టారు. పట్టుబడ్డ మనిషి వ్యాపారి అయితే, చౌరస్తాలో అతని చోటు రద్దు. ఆ రోజుల్లోనే అత్తయ్య పైగదిలో ఒక డ్రిల్లు టీచరమ్మ దిగింది. బళ్లో తరాల పిల్లలకు కవాతు నేర్పి రిటైరయింది. బలమైన మణికట్లు, గంటలాంటి గొంతు. మెడలో ఇంకా ఈల వేలాడేది, అలవాటు కొద్దీ. అత్తయ్యకు జీవితంలో అలాంటి శిష్యురాలు దొరకలేదు. చెప్పిన ప్రతి పాఠమూ నిటారుగా నిలబడి వినేది, అర్థంకాకపోతే చెయ్యెత్తేది.

"పర్సు ఎక్కడుందో ఊరికే తడుముకోకు తల్లీ" అని చెప్పింది అత్తయ్య. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, జేబుదొంగలు జాగ్రత్త అనే బోర్డు చూడగానే ప్రతివాడూ తన పర్సు ఒకసారి తడుముకుంటాడు. అదెక్కడుందో దొంగకు వేలుపెట్టి చూపించినట్టే. ఇంటికొచ్చేదాకా దాన్ని మరిచిపో."

"మరిచిపోతానండీ!" అంది టీచరమ్మ.

"ఇంకొకటి. నీ భుజం మీద ఏదో పడిందని ఎవడైనా తుడవబోతే, తుడిచేది ఒక చెయ్యి, తీసేది ఇంకో చెయ్యి. ముందు మణికట్టు పట్టుకో. తరవాత కేకెయ్యి."

ఆ పొద్దున టీచరమ్మ మెట్లు దిగింది. అత్తయ్య ఆమె కోటు నడుము దగ్గర పోగు తెంపుతున్నట్టుగా వంగి, తానే కుట్టిచ్చిన దొంగజేబులోంచి పర్సు తీసి తన స్వెట్టరు జేబులో వేసుకుంది. ఇంకో అడుగు వేస్తే టీచరమ్మ గడప దాటేది. పిలుపు అత్తయ్య నాలిక చివరదాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే పైనుంచి మావయ్య కేక. "ఏమేవ్! పంపు ఊడి చేతికొచ్చిందే! నీళ్లు! నీళ్లు!"

చూస్తుండగానే నీళ్లు మెట్ల మీదుగా సెలయేరులా దిగొచ్చాయి. అత్తయ్య పిలుపు మింగేసి పైకి పరుగెత్తింది. అక్కడ మావయ్య పంపు మూతికి అరచెయ్యి అడ్డుపెట్టి, నిలువునా తడిసి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి పాతగుడ్డలు కుక్కి, మెయిను కట్టేసి, గదులు తుడిచేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అత్తయ్య తడిసిన స్వెట్టరు విప్పి దండెం మీద పడేసి, పాత పచ్చ స్వెట్టరు తొడుక్కుంది. మావయ్య కొత్త పంపు కొనుక్కురావడానికి చౌరస్తా వైపు వెళ్లాడు. పర్సు సంగతి నీళ్లలో కొట్టుకుపోయింది.

అక్కడ వీధిలో టీచరమ్మ వెనకనుంచి పిలుపు రాకపోవడంతో పరీక్ష నెగ్గానని పొంగిపోయింది. రొమ్ము విరుచుకుని చౌరస్తాకు వెళ్లి, మేడ మీది గడియారాన్ని చూస్తూ నిలబడింది. పర్సును మరిచిపొమ్మన్నారు కాబట్టి మరిచిపోయింది. ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఇంతలో మేడ మీది పావురాల్లో ఒకటి తన పని తాను చేసుకుంది. టీచరమ్మ భుజం మీద టప్పున పడింది. ఆమె చూసుకోలేదు. గొడుగులాయన చూశాడు. భుజాన ఉన్న గుడ్డ తీసుకుని దగ్గరికొచ్చి, "అమ్మా, మీ భుజం మీద పిట్ట..." అంటూ చెయ్యి చాపాడు.

మాట పూర్తికాలేదు. అతని మణికట్టు ఇనుప పట్టులో పడింది.

"దొంగ!"

బళ్లో ఒక్క అరుపుకు వెయ్యిమంది పిల్లలు నిలబడిపోయే గొంతు అది. చౌరస్తాకు చౌరస్తాయే నిలబడిపోయింది. పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆమె రెండో చెయ్యి నడుము దగ్గర దొంగజేబులోకి వెళ్లింది. జేబు ఖాళీ. పర్సు లేదు, పర్సులోని తిరుగుప్రయాణం టికెట్టూ లేదు. ఇక సాక్ష్యం దేనికి? గొడుగులాయన జేబులు వెతికితే ఏమీ దొరకలేదు. దొరక్కపోతే ఇంకా అనుమానం. "చేతులు మార్చేసి ఉంటాడు, వీళ్లంతా ముఠా" అన్నాడు ఎవడో సర్వజ్ఞుడు. ఇద్దరు కానిస్టేబుళ్లు అతన్ని అందరి మధ్యలోంచి నడిపించుకుంటూ చౌకీకి తీసుకెళ్లారు. గొడుగులన్నీ కట్టగట్టి చౌకీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

పంపు కొని వస్తున్న మావయ్య ఇదంతా చూశాడు. పంపు చంకలో పెట్టుకునే ఇంటికి పరుగెత్తాడు.

"వాణ్ణి పట్టుకుపోయారే! మన టీచరమ్మ పర్సు కొట్టేశాడట! వాడు దొంగేంటే, వాడి మొహం!"

అత్తయ్య పెరట్లో బట్టలు పిండుతోంది. "మొహాలు చూసి నమ్మి నువ్వు బాగుపడ్డావా? నేను ఎప్పుడో చెప్పాను. అడక్కుండా గొడుగు పట్టేవాడు అడక్కుండా ఇంకేదైనా పడతాడని."

"ఈ ఒక్కసారికి నా మాట నమ్మవే."

"నిన్ను నమ్మితే మనిల్లు ఎప్పుడో కాలిపోయి ఉండాలి."

మావయ్యకు కోపం రావడం అరుదు. వచ్చింది. "అవును, నమ్మాను. ఉంగరంవాణ్ణి నమ్మాను, టాక్సీవాణ్ణి నమ్మాను. నన్ను వాళ్లు మోసం చేశారు. నీ శిష్యురాలు నమ్మకపోవడం నేర్చుకుంది. వాడి బతుకు పోయింది. రేపటి నుంచి వాడు ఆ చోట నిలబడలేడు. ఏది ఎక్కువ నష్టమో నువ్వే చెప్పు."

ఆమె పిండిన బట్ట ఆరెయ్యడానికి దండెం వైపు తిరిగింది. బూడిదరంగు స్వెట్టరు అక్కడ వేలాడుతోంది. బట్టలు కుట్టే ఇంట్లో పుట్టిన కన్ను కాబట్టి ముందు ఆ వంకరే కనబడింది. ఒకవైపు సమంగా ఉంది, రెండోవైపు కిందికి సాగి ఉంది. తాళాల గుత్తి స్వెట్టరు మార్చినప్పుడే తీసేసుకుంది, అది ఉండే జేబు కాదిది. ఆమె నెమ్మదిగా వెళ్లి ఆ జేబులో చెయ్యి పెట్టింది.

నానిపోయిన పర్సు బయటికొచ్చింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, ఇక్కడ అంతకన్నా అన్యాయం. పిల్ల చంకలోనే ఉంది, పిల్లను ఎత్తుకుపోయాడని పక్కింటివాణ్ణి కట్టేశారు. ఆమె తడి నేల మీద అలాగే కూర్చుండిపోయింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఆమె ఎంతమందికి చెప్పిందో!

మావయ్య పక్కన చతికిలబడ్డాడు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "పోనీ, ఒక పని చేద్దాం. చౌరస్తాలో కింద పడి ఉంటే దొరికిందని చెప్పి ఇచ్చేద్దాం. వాడు బయటపడతాడు, నీ పరువూ దక్కుతుంది."

ఆమె తలెత్తి ఆయన వంక చూసింది. "కింద దొరికిందనా? ఉంగరంవాడు నీతో ఏమన్నాడు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "కింద... దొరికిందనే అన్నాడు."

"మరి? ఇన్నేళ్లు ఎవరి మాట నమ్మవద్దని నోరు పడేట్టు చెప్పానో ఆ మాటే నేను చెప్పనా? లే. చెప్పులేసుకో."

చౌకీలో గొడుగులాయన బల్ల చివర, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టీచరమ్మ నిటారుగా నిలబడి ఉంది. సబిన్‌స్పెక్టరు ఆ సందులోనే పెరిగిన మనిషి. చిన్నప్పుడు అత్తయ్య చేత చొక్కా గుండీలు కుట్టించుకున్నవాడే. ఆమె తడి పర్సు బల్లమీద పెట్టి, "ఇది నేను తీశాను బాబూ, పొద్దున మెట్ల దగ్గర. ఇవ్వడం మరిచిపోయాను" అంది.

సబిన్‌స్పెక్టరు మావయ్య వంక చూసి నవ్వాడు. "మావయ్యగారు బతిమాలారా అత్తయ్యగారూ? స్నేహితుడి కోసం ఇలా చెప్పమన్నారా? ఏ కాలవలోనో పారేస్తే దొరికి ఉంటుంది."

"కాలవ కాదయ్యా, మా పంపు!" అన్నాడు మావయ్య.

టీచరమ్మ కూడా తల అడ్డంగా ఊపింది. "అలా ఎలా అవుతుందండీ? నేను పరీక్ష నెగ్గాను కదా! మీరేమీ అనలేదు."

"అనలేకపోయాను తల్లీ, నీళ్లొచ్చాయి" అంది అత్తయ్య. నిజం చెప్పి నమ్మించలేకపోవడం ఎలా ఉంటుందో బల్ల చివర కూర్చున్నవాడికి పొద్దుటి నుంచీ తెలుసు, ఆమెకు ఇప్పుడు తెలిసింది.

ఆమె ఒక అడుగు ముందుకేసింది. "సరే బాబూ, నీ ఇష్టం. ఇదేమిటి, భుజం మీద ఏదో పడిందే? ఉండు, యూనిఫాం మీద మరక బాగుండదు." వేళ్లతో ఏదో దులిపింది. "ఎంత ఎదిగిపోయావురా! ఆ రోజుల్లో ఒక్క గుండీ నిలిచేది కాదు నీకు."

"అదంతా ఇప్పుడెందుకులెండి" అంటూ అతను సిగ్గుపడ్డాడు.

ఆమె వెనక్కి వచ్చి అరచెయ్యి తెరిచింది. "బాబూ, ఇదెవరిది?"

బీరువా తాళంచెవి. అతని ప్యాంటు జేబులో, గొలుసుతో సహా ఉండాల్సినది. ముందు కానిస్టేబుళ్లు నవ్వారు, ఆ తరవాత తప్పక సబిన్‌స్పెక్టరూ నవ్వాడు. మావయ్యయితే, "చూశారా! చూశారా!" అని పెళ్లిలో పెళ్లికూతుర్ని చూపిస్తున్నట్టు అందరికీ చూపించాడు.

నవ్వనివాడు ఒక్క గొడుగులాయన. బీరువా తెరిచి గొడుగులు తిరిగిచ్చారు. టీచరమ్మ గొంతు మొదటిసారి చిన్నదైంది. "క్షమించండన్నా. చాలా గట్టిగా పట్టుకున్నాను" అంది. అతను మణికట్టు రాసుకుంటూ తలూపాడు. గుమ్మందాకా వెళ్లి ఆగాడు.

"మీరు నిజం చెప్పారు వదినగారూ, దండం పెడతాను. కానీ అది ఈ నాలుగు గోడల మధ్య చెప్పారు. నన్ను తీసుకొచ్చింది చౌరస్తా మధ్యలోంచి. చూసినవాళ్లందరికీ నేను దొంగనే. ఇక నా గొడుగు కిందికి ఎవరొస్తారు?"

లోకంలో అరుపుకున్న కాళ్లు మాటకు లేవు. దొంగ అన్న కేక నాలుగు వీధులు తిరిగొచ్చాక, కాదన్న మాట ఇంకా చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది.

అత్తయ్య కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "అమ్మా, ఆ ఈల పనిచేస్తుందా?" అని టీచరమ్మను అడిగింది.

"పనిచెయ్యకపోవడమేమిటండీ!"

నలుగురూ చౌరస్తా మధ్యకు వెళ్లారు. మేడ నీడలో బండి దగ్గర టీచరమ్మ కాళ్లు కలిపి నిలబడి, పొద్దుటి అరుపుకు ఏమాత్రం తీసిపోకుండా ఈల ఊదింది. పావురాలు రెండోసారి లేచాయి. బొమ్మలవాడు, పోస్టుకార్డులావిడ, ఫొటోలవాళ్లు, తలలెత్తి గడియారం చూస్తున్న యాత్రికులు అందరూ ఇటు తిరిగారు. అత్తయ్య తన తాళాల గుత్తి తీసింది. అందులో వీధితలుపు మూడు తాళాలూ, నాలుగు గదుల తాళాలూ ఉన్నాయి. దాని మీద తన పర్సు పెట్టింది. రెండూ తీసుకెళ్లి గొడుగులాయన చేతుల్లో పెట్టింది. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు అనే సామెతను ఇంత కష్టపడి తలకిందులు చేసినవాళ్లు ఇంకొకరు ఉండరు.

"మరిదీ!" అంది, మూలనున్నవాళ్లకు కూడా వినబడేంత గట్టిగా. "ఇవి పట్టుకో. నేను గడియారపు మేడ ఎక్కి వస్తాను. పొద్దున మా టీచరమ్మ పర్సు తీసింది నువ్వు కాదు, నేను. మతిమరుపు నాది, మాట నీకొచ్చింది. నేనొచ్చేదాకా ఎక్కడికీ వెళ్లకు."

అంతే, వెనక్కి చూడకుండా మేడ మెట్ల వైపు నడిచింది.

అసలు సంగతేమిటంటే, ఆ నీడలోనే ముసలిదైపోయిన మనిషి ఆ మేడ ఒక్కసారీ ఎక్కలేదు. ఊరూరి జనం వచ్చి ఎక్కి దిగి పోతుంటే, "పైకి చూస్తే కింద పోతుంది" అంటూ జేబులు కాపాడుకుంటూ కిందే ఉండిపోయింది. మెట్లు ఇరుగ్గా, చుట్టలు తిరుగుతూ ఉన్నాయి. అలవాటు కొద్దీ స్వెట్టరు జేబులో చెయ్యి పెడితే ఖాళీ. గుండె ఝల్లుమంది. మళ్లీ నాలుగు మెట్లు, మళ్లీ జేబు, మళ్లీ ఝల్లు. సగం పైకి వచ్చాక చెయ్యి వెళ్లడం మానేసింది. పై వసారాలోకి వచ్చి మొదట కిందికే చూసింది. గొడుగులాయన నిలబెట్టిన చోటే ఉన్నాడు. తాళాల గుత్తినీ పర్సునూ రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని, పచ్చి బాలింత బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. చుట్టూ మూగిన జనంతో మావయ్య చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. పంపు దగ్గర నుంచి మొదలుపెట్టి ఉంటాడు.

అప్పుడు తలెత్తింది. ఊరంతా కప్పులు, పొగగొట్టాలు, దూరంగా నది, నదికి అవతల ఆమెకు పేర్లు తెలియని కొండలు. నోరు కాస్త తెరుచుకుంది. చాలాసేపు అలాగే ఉండిపోయింది.

కిందికొచ్చేసరికి బండి దగ్గర సందడిగా ఉంది. పోస్టుకార్డులావిడ గొడుగులాయనకు టీ తెచ్చి పెట్టింది, అతను చేతులు ఖాళీ లేక తాగలేదు. ఒక ముసలి జంట ఎర్రగొడుగు అద్దెకు తీసుకుని వెళ్తున్నారు. టీచరమ్మ మిగతావాళ్లను వరసలో నిలబెడుతోంది.

"సరిచూసుకోండి వదినా" అని అతను గుత్తీ పర్సూ అందించాడు.

ఆమె చెయ్యి పర్సు జిప్పు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. అలాగే జేబులో వేసుకుంది. "టీ చల్లారిపోతోంది, తాగు" అంది.

మావయ్య మొహం మాత్రం ముడుచుకుని ఉంది. "ఇన్నేళ్ల కాపురంలో ఆ పర్సు ఒక్క నిమిషం నా చేతికిచ్చావుటే?"

"నీకిస్తే ఉంగరం కొనుక్కొస్తావు. పద, పంపు బిగించాలి."

మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటిదారి పట్టారు. ఎండ నడినెత్తికొచ్చింది. సందు మలుపు దాకా రాకముందే ఆమె నెత్తిన నీలిరంగు నీడ పడింది. పక్కన పొడుగాటి మనిషి, మాటా పలుకూ లేకుండా, గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు.

ఎవరు పట్టమన్నారని ఆమె అడగలేదు.